గీత గీస్తే తగువు తీరుద్దా?

ఈ మధ్య మా వైపు గూడేల్లో ఒక కొత్త ప్రార్థన మొదలైంది. ఆదివారం కూడికలో పిల్లల చదువు కోసం, వానల కోసం ప్రార్థించినాక, దేవుని జనమైన ఇశ్రాయేలు గెలుపు కోసం కూడా ప్రార్థించమంటున్నారు. 2023 అక్టోబరు తర్వాత ఇది మరీ ఎక్కువైంది. మనోళ్లు కళ్లు మూసుకొని ఆమెన్ అంటున్నారు. ఆ కళ్లు తెరవమని అడగటానికే మేం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అన్నలారా, అక్కలారా! బైబిల్లో ఇశ్రాయేలు వేరు, 1948లో పుట్టిన ఇజ్రాయెల్ రాజ్యం వేరు. సరే, బైబిలే చూద్దాం. నాబోతుకు తాతల నాటి ద్రాక్షతోట ఉంది. రాజు ఆహాబు అడిగితే ఇయ్యనన్నాడు. రాణి యెజెబెలు దొంగసాక్ష్యం పుట్టించి అతన్ని రాళ్లతో కొట్టి చంపించింది. తోట రాజు పాలైంది. ఆ ఆహాబు ఎవరు? ఇశ్రాయేలు రాజే గదా! మరి ఏలీయా ప్రవక్త రాజు పక్షాన నిలబడ్డాడా, నాబోతు పక్షానా?

ఇప్పుడు పాలస్తీనా సంగతి. యూరప్‌లో యూదుల్ని వేరే వాడల్లో పెట్టారు, అంటరానోళ్లుగా చూశారు, హిట్లర్ 60 లక్షల మందిని చంపించాడు. ఆ బాధ మనకు తెలవంది కాదు. యూదులు మనకు శత్రువులు కారు. కానీ యూరప్ చేసిన పాపానికి అప్పు తీర్చింది ఎవరు? పాలస్తీనా రైతు. 1947లో ఐక్యరాజ్యసమితి గీత గీసింది. జనాభాలో మూడోవంతు ఉన్న యూదులకు సగానికి పైగా నేల రాసింది. అక్కడి అరబ్బుల్ని ఓటు అడగలేదు. వద్దన్న దేశాల్లో మన దేశమూ ఉంది. ఆ వెంటనే వచ్చిన యుద్ధంలో 7 లక్షల మంది పైగా ఇళ్లు వదిలి పోయారు. 1950లో ఇజ్రాయెల్ రెండు చట్టాలు చేసింది. ఊళ్లో లేనోడి ఆస్తి సర్కారుదని ఒకటి. ప్రపంచంలో ఏ మూల యూదుడైనా వచ్చి ఉండొచ్చని రెండోది. ఇంటి తాళంచెవి చేతిలో ఉన్నోడు మాత్రం రాగూడదు!

ఇదెక్కడో దూరం కథ అనుకుంటున్నారా? మన కాళ్ల కింద చూడండి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2014లో పోలవరం డ్యాం కోసం ఏడు మండలాలను ఆంధ్రలో కలిపారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మొత్తం పోయాయి. బూర్గంపాడులో కొన్ని ఊళ్లు పోయాయి. భద్రాచలం టౌను మిగిలింది, దాని మండలం పోయింది. రాముడి గుడి తెలంగాణలో, గుడి మాన్యం పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రలో. టౌను నుంచి దుమ్ముగూడెం పోవాలంటే నడుమ ఇంకో రాష్ట్రం దాటాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభే పెద్ద అని 1996 పెసా చట్టం చెప్తుంది. మరి ఏ గూడెంలో సభ పెట్టి ఎటు పోతారని అడిగారు?

ఇక్కడ గాజా మీద పడ్డ బాంబులు పడలేదు. కష్టం ఒకటేనని మేం అనటం లేదు. పద్ధతి ఒకటే అంటున్నాం. పైన కూర్చున్నోడు గీత గీస్తాడు, కింద ఉన్నోడు మూట గడతాడు.

మూట గట్టేటోళ్లలో మనోళ్ల గతి ఇంకా అన్యాయం. సాగునీటి ప్రాజెక్టులో భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇయ్యాలని 2013 చట్టంలో ఉంది. కానీ కూలికొచ్చి తరాలుగా ఇక్కడే ఉన్న మాల మాదిగల చేతిలో పట్టా ఏది? అటవీ హక్కుల చట్టం కింద అడుగుదామంటే గిరిజనేతరులు 75 ఏళ్ల నివాసం రుజువు చెయ్యాలి. తాతకు వేలిముద్ర తప్ప అక్షరం రాదు, కాగితం యాడ నుంచి తెచ్చేది?

ఇదే అదనుగా మోతుబర్లు మన చెవిలో ఊదుతున్నారు: "మీకు భూమి రాకుండా అడ్డం పడేది 1/70. రండి, కలిసి కొట్లాడి ఎత్తేయిద్దాం." 1/70 ఎత్తేస్తే తెల్లారేసరికి భూములు కొనేది మనమా? బినామీ పేర్లతో ఇప్పటికే మెక్కినోళ్లే కొంటారు. కోయోళ్ల భూమి మీదికి మనల్ని ముందు నడిపించి వెనక వాళ్లొస్తారు. నాబోతు తోటకు దొంగసాక్షులం మనం గావద్దు.

ఇక పరిష్కారం. పాలస్తీనాలో ఒకరు రెండు దేశాలంటారు, ఒకరు ఒకే దేశంలో అందరికీ సమాన ఓటంటారు. రెండు దేశాలకు దారి అవుద్దని చాలామంది ఆశపడ్డ 1993 ఓస్లో ఒప్పందం తర్వాత ఏమైంది? ఇజ్రాయెల్ ఆక్రమించిన నేలలో సెటిలర్లు రెండున్నర లక్షల నుంచి ఏడు లక్షల దాకా పెరిగారు. దేశం కట్టుకోను నేలేది? ఒకే దేశమంటే, తక్కువైపోతామని యూదులకు భయం. 2023 అక్టోబరు 7న హమాస్ సుమారు 1200 మందిని చంపింది. పసిపిల్లల్నీ ముసలోళ్లనీ చంపటం విముక్తి కాదు, మేం సమర్థించం. దానికి బదులని ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో, అక్కడి ఆరోగ్యశాఖ లెక్కల్లోనే, గాజాలో 60 వేల మందికి పైగా చచ్చిపోయారు. చావులతో భయం పోదు, రెట్టింపైద్ది.

వేరా, కలిసా అన్న తగువు మనకు కొత్త కాదు. 1932లో బాబాసాహెబ్ వేరు నియోజకవర్గాలు సాధిస్తే గాంధీ నిరాహారదీక్ష పూనా ఒప్పందం దాకా తెచ్చింది. 1942 నాగపూర్ సభలో దళితులకు వేరు ఊళ్లే కావాలన్నారు. అందుకే మేం అనేది, వేరైనా కలిసైనా, మూడు ప్రశ్నలు అడగండి. అక్కడుండేటోళ్లను అడిగారా? పోయిన భూమికి భూమి, తిరిగొచ్చే హక్కు ఉన్నాయా? ఓటుకూ చట్టానికీ అందరూ సమానమేనా? మూడింటికీ అవునని రాకపోతే అది పరిష్కారం కాదు, పంపకం.

ఇవే మూడు ప్రశ్నలు మన కాడ కూడా. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు తిరిగి ఇయ్యాలని తెలంగాణ నాయకులు అడుగుతున్నారు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ సర్కార్లు కాదు, ఆ ఊళ్ల గ్రామసభలు తేల్చాలి. భూమీ ఇల్లూ చేతికొచ్చినాకే పోలవరం నీళ్లు నిలపాలి. పట్టా లేని దళిత కూలీల పేర్లూ నిర్వాసితుల జాబితాలో రాయాలి. 1/70 జోలికి పోకుండా, ఆయకట్టులో మనకు భూమియ్యాలి. కోయోళ్లతో కలిసి అడిగితేనే ఇవి వస్తాయి.

వచ్చే ఆదివారం ప్రార్థన చెయ్యండి. అందులో నాబోతు పేరు కూడా తలవండి. సోమవారం గ్రామసభ పెట్టమని పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుందాం.