చేతికందిన పుస్తకం

మొన్న సంక్రాంతికి ఊళ్లో అందరం చేరిన సాయంత్రం కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు నట్టింట్లో పెట్టుకుని చుట్టూ కూచున్నాం. కాసేపు కబుర్లయ్యాక మా మరదలు ఒక ఆట చెప్పింది. ఎవరూ ఉన్నచోటి నుంచి లేవకూడదు. చెయ్యి చాపితే అందే పుస్తకం తీసి, దాని మొదటి వాక్యం పైకి చదవాలి. మంచి పుస్తకం కోసం వెతుక్కోవడం మాత్రం కుదరదు.

ఆ చివరి షరతులోనే ఉంది విశేషమంతా. ఇష్టమైన పుస్తకమేదని అడిగితే ఎవరమైనా కాస్త సర్దుకుని కూచుంటాం, నలుగురిలో చెప్పదగ్గ పేరు కోసం తడుముకుంటాం. చేతికందిన పుస్తకానికి ఆ బెరుకు లేదు. ఈ వారం ఆ ఇల్లు దేని మీద నడుస్తోందో ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.

నాన్నకు అందింది గోడ మేకుకు దారంతో వేలాడుతున్న పంచాంగం. మొదట్లో సంవత్సరం పేరు, ఆ వెనకే రాజు ఎవరు, మంత్రి ఎవరు అంటూ నవనాయకుల వరస. మరో రెండు నెలల్లో మేకు దిగిపోయే పంచాంగం అది. దాన్ని మొదటినుంచి చదువుతుంటే, ఉగాదినాడు అరుగు మీద కూచుని వానల గురించి, పంటల గురించి చెప్పించుకున్న మాటలు గుర్తొచ్చాయో ఏమో, ఆయన గొంతు నెమ్మదించింది. పిల్లవాడికి లెక్కల గైడు దొరికింది, వాడు గబగబా చదివేసి గండం గడిచినట్టు కూచున్నాడు.

అమ్మకు దేవుడి గూట్లోంచి సత్యనారాయణ వ్రతకథ అందింది. పసుపు అంటిన ఆ పల్చటి పుస్తకంలో కథ నైమిశారణ్యంలో మొదలవుతుంది. శౌనకాది మునులు అడుగుతారు, సూతుడు చెబుతాడు. అమ్మ చదువుతుండగా తట్టింది, భారతానికీ భాగవతానికీ తలుపు తెరుచుకునేది అక్కడే కదా అని. మహాగ్రంథానికీ, పూజ సామాన్ల కొట్లో కొన్న చిన్న పుస్తకానికీ ఒకటే వాకిలి. పైగా ఆ వాకిట్లో ముందు వినిపించేది చెప్పేవాడి గొంతు కాదు, వినేవాళ్ల గొంతు. ఎవరో ఒకరు చెప్పమని అడిగితే తప్ప మన పురాణం నోరు విప్పదు.

తమ్ముడి దగ్గర తగువు వచ్చింది. వాడికి అందింది మహాప్రస్థానం. తెరిస్తే ముందుగా పలకరించేది శ్రీశ్రీ కాదు, యోగ్యతాపత్రం రాసిన చలం. వాడు అదే అందుకోబోతే పిల్లలు ఒప్పుకోలేదు, ముందుమాట లెక్కలోకి రాదన్నారు. చలం వాక్యాలు తీసేస్తే ఆ పుస్తకం ఆ పుస్తకమే కాదని వాడు. అసలు పుస్తకం ఎక్కడ మొదలవుతుందన్నది కాసేపు ఆగి ఆలోచించవలసిన సంగతే. 1897లో కన్యాశుల్కం తొలికూర్పు అచ్చయినప్పుడు గురజాడ దానికి పీఠిక ఇంగ్లీషులో రాశారు. అది దాటాకగానీ విజయనగరం బొంకులదిబ్బ మీద తనలో తాను మాట్లాడుకుంటున్న గిరీశం ఎదురు కాడు. ఇంకా వెనక్కి వెళితే, తెలుగులో ఆదికావ్యమని చెప్పుకునే నన్నయ భారతం సంస్కృత శ్లోకంతో మొదలవుతుంది. రాజమహేంద్రవరంలో తెలుగు కావ్యానికి ముగ్గు వేసిన చేయి, తొలి చుక్క సంస్కృతంలో పెట్టింది. నాకైతే అందులో పరాయితనం కనిపించదు. ముందుమాట వీధి అరుగు లాంటిది. అరుగూ ఇంట్లో భాగమే. నా ఓటు తమ్ముడికే వేశాను.

మొదలుపెట్టడాన్ని మన పూర్వులు ఎంత పెద్ద పనిగా చూశారో తలుచుకుంటే ముచ్చటేస్తుంది. కావ్యం ఆశీస్సుతోనో, నమస్కారంతోనో, చెప్పబోయే వస్తువును సూచిస్తూనో మొదలుకావాలన్నారు. తొలి గణం మంచిదై ఉండాలన్నారు. నన్నయ భారతం, తిక్కన విరాటపర్వం, పోతన భాగవతం మూడూ శ్రీకారంతోనే ఎత్తుకుంటాయి. ఏ పని మొదలుపెట్టినా శ్రీకారం చుట్టామంటున్నాం. ఓనమాలు అన్న మాటలోనూ పలక మీద మొదట దిద్దించిన ‘ఓం నమః’ ఉంది. మొదటి అక్షరాన్ని ఇంత అపురూపంగా చూసుకున్న మనం, ఇప్పుడు పుస్తకాన్ని వెనక అట్ట మీద ధర చూసి, నాలుగు పేజీలు బొటనవేలితో దొర్లించి పక్కన పెట్టేస్తున్నాం. మొదటి వాక్యం కోసం రచయిత ఎన్ని కాగితాలు చింపాడో! దాన్ని కళ్లతో దాటెయ్యడం సులువు. పైకి చదివితే అలా దాటలేం. నోట్లో పదాలు తిరగాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియాలి. వింటున్నవాళ్లు ‘ఊఁ, తర్వాత?’ అన్నారంటే వాళ్లూ శౌనకుడి పక్కన చేరినట్టే.

నా వంతు వచ్చింది. నా సంచీలో ఉన్నది బారిష్టర్ పార్వతీశం, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత ప్రతి. లోపల ఏదో గ్రంథాలయం ముద్ర సగం చెరిగిపోయి ఉంది. నలుగురి చేతుల్లో నలిగిన ఏ పుస్తకానికైనా ముందు పోయేది అట్ట, ఆ తర్వాత మొదటి కాగితం. దీనికీ అదే జరిగింది. ఐతే పోయిన కాగితం చోట ఎవరో రూళ్ల కాగితం ఒకటి అతికించారు. దాని మీద నీలి సిరాతో, గుండ్రటి అక్షరాల్లో, మొగలితుర్రు పార్వతీశం తన ఊరి గురించి చెప్పుకునే మాటలన్నీ మరో ప్రతిలోంచి చూసి రాశారు. పేరు పెట్టుకోలేదు. మొదట్లో విశాలంగా సాగిన వరసలు, చివరికొచ్చేసరికి దగ్గర దగ్గరగా జరిగాయి. రాసిన ఆఖరి మాట, అచ్చులో మిగిలిన మొదటి మాటతో సరిగ్గా కలవాలి కదా! చోటు చాలక ఒక్క మాటా వదిలెయ్యలేదు. తనకు తెలియని ఎవరో ఈ పుస్తకం తెరుస్తారని, వాళ్లకు మొదలు దొరకాలని అంత ఓపిక పట్టారు.

నా కళ్లజోడు గదిలో ఉండిపోయింది. లేవకూడదు కనుక పుస్తకాన్ని మేనకోడలి చేతికిచ్చాను. అది లైటు దగ్గరకు జరిగి, నీలి అక్షరాల మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్క వాక్యంతో ఆపమని ఎవరూ అనలేదు. కాగితం తిప్పింది. చేతిరాత అయిపోయి అచ్చు మొదలైన చోట దాని గొంతు ఆగలేదు.