నాలుగు స్వరాలే... కానీ ఐదు నిమిషాలు!

పాట వింటుంటే ముందు గాయకుడి గొంతు చెవిన పడుతుంది. తర్వాత గిటార్. డ్రమ్స్ దరువుకి కాలు దానంతటదే కదులుతుంది. వీటన్నిటి అడుగున గుమ్ముమంటూ నడిచే బేస్ గిటార్‌ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే ఒక్కసారి ఆగిపోతే..? పాట మొత్తం డొల్లగా అనిపిస్తుంది. ఇళయరాజా పాటలంటే చెవి కోసుకునేవాళ్లకి ఆ గుమ్ము కొత్తేమీ కాదు. అది ఏ వాద్యానిదో తెలియకపోవచ్చు, అంతే!

ఈ వాద్యం కొత్తగా పట్టినవాళ్లలో చాలామంది మొదట్లోనే నేర్చుకునే పాట ఒకటుంది. ఐర్లండ్ బృందం యూటూ పాడిన ‘విత్ ఆర్ వితౌట్ యూ’. 1987లో వచ్చిన ‘ద జాషువా ట్రీ’ ఆల్బమ్‌లోది. ఆ ఏడాదే అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. అందులో బేస్ వాయించింది ఆడమ్ క్లేటన్.

స... ప... ద... మ!

బేస్ గిటార్‌కి మామూలుగా నాలుగు తీగలు. లావు తీగ నుంచి వరసగా ఇ, ఎ, డి, జి. వీణకి మెట్లున్నట్టే దీనికి ఫ్రెట్లుంటాయి. ఈ పాటకి కావాల్సినవి నాలుగే స్వరాలు... డి, ఎ, బి, జి. డిని షడ్జమం అనుకుంటే మిగతా మూడూ మంద్రస్థాయిలోని పంచమం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ మధ్యమం. అంటే స-ప-ద-మ అన్నమాట.

ఎ తీగ మీద 5వ ఫ్రెట్ నొక్కితే డి. లావుపాటి ఇ తీగ మీద 5వ ఫ్రెట్‌లో ఎ, 7వ ఫ్రెట్‌లో బి, 3వ ఫ్రెట్‌లో జి పలుకుతాయి. ఒక్కో స్వరాన్ని ఎనిమిదేసి సార్లు సమానంగా మీటి తర్వాతిదానికి వెళ్లాలి. జి అయ్యాక మళ్లీ డి. పాట పొడవునా దాదాపు ఇదే వరస. కాస్త పట్టుదల ఉంటే ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది.

మరి కష్టమేమిటి?

కష్టం వేళ్లది కాదు, నిలకడది! పాట వేగం నిమిషానికి సుమారు 110 దరువులు. దరువుకి రెండు చొప్పున నిమిషానికి 220 సార్లు తీగ మీటాలి. అలా దాదాపు ఐదు నిమిషాలు. ఈలోగా గాయకుడు బోనో గొంతు గుసగుసలా మొదలై అరుపుదాకా వెళ్తుంది. డ్రమ్స్ హోరెత్తుతాయి. ఆ ఊపులో కొత్తవాళ్ల చెయ్యి కూడా పరుగందుకుంటుంది. అక్కడే పాట చెడుతుంది.

అందుకే మెట్రోనోమ్‌ని 60 దగ్గర పెట్టి మొదలుపెట్టాలి. తడబాటు లేకుండా వచ్చాకే వేగం కొంచెం కొంచెంగా పెంచాలి. చూపుడు వేలు, మధ్య వేలు మార్చిమార్చి మీటాలి. ఫ్రెట్ కడ్డీకి ఆనుకుని వెనక నొక్కితే తక్కువ బలంతోనే స్వరం శుభ్రంగా పలుకుతుంది. బి నుంచి జికి దిగేటప్పుడు చెయ్యి మొత్తం జరగాలి. ఆ ఒక్క మలుపునీ విడిగా సాధన చేయడం మేలు.

ఆ ఒక్క రాత్రి...

క్లేటన్ కూడా పుట్టు విద్వాంసుడేం కాదు. 1976లో డబ్లిన్‌లో స్కూలు పిల్లలంతా కలిసి బృందం కట్టినప్పుడు అతనికి వాయించడం అంతంతమాత్రమే. వాయిస్తూ వాయిస్తూనే నేర్చుకున్నాడు. కానీ పేరుతోపాటు తాగుడూ పెరిగింది. 1993 నవంబరు 26న సిడ్నీలో వేలమంది ఎదురుచూస్తున్న కచేరీకి ఆ కారణంగానే రాలేకపోయాడు. వాద్యాల బాగోగులు చూసే టెక్నీషియన్ బేస్ అందుకుని ఆ రాత్రి గట్టెక్కించాడు. మర్నాడు క్లేటన్ తిరిగి వేదికెక్కాడు. తర్వాతి ఏళ్లలో మద్యానికి పూర్తిగా దూరమయ్యాడు. వ్యసనం నుంచి బయటపడి, ఇతరులకూ ఆసరాగా నిలిచినందుకు 2017లో మ్యూజికేర్స్ సంస్థ అతన్ని పురస్కారంతో గౌరవించింది.

2019 డిసెంబరు 15న యూటూ తొలిసారి మనదేశంలో, నవీ ముంబయిలో కచేరీ చేసింది. ‘జాషువా ట్రీ’ పాటలన్నీ వాయించారు. పాట పుట్టి 32 ఏళ్లయినా క్లేటన్ చేతిలో అవే నాలుగు స్వరాలు!

పాట వచ్చేసిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. రికార్డు పెట్టి, దాంతోపాటే వాయించాలి. మన తీగ ముందుకో వెనక్కో విడిగా వినిపిస్తోందంటే సాధన ఇంకా మిగిలినట్టే. మనం వాయిస్తున్నది ఏదో, క్లేటన్‌ది ఏదో తేడా తెలియకుండా కలిసిపోతే... ఇక రెండో పాట మొదలుపెట్టొచ్చు!