ఇల్లాలి దస్త్రము: కలము, కాగితము, గుండుసూది



చీర కొనునపుడు మనము చేయు పరీక్ష లోకప్రసిద్ధము. అంచు చూతుము, కొంగు చూతుము, వెలుతురునకు పట్టి చూతుము, రంగు పోవునా యని పదిమారు లడుగుదుము, తుదకు వలదని లేచి గుమ్మము దాక పోయి మరల వచ్చి కూర్చుందుము. నాలుగేండ్లు కట్టు చీరకు ఇంత పరీక్ష గావించు మనము, అరువది యేండ్లు నిలువవలసిన దస్తావేజుపై చేవ్రాలు చేయు కలమును మాత్రము, కిరాణా దుకాణమువాడు చిల్లరకు బదులుగా ఇచ్చినచో మాఱుమాట లేక పుచ్చుకొని వత్తుము! కలము, కాగితము, జిగురు, గుండుసూది యన్న నాకు గల వెఱ్ఱి ఈ పుట చదువువారందఱు నెఱిగినదే. "నగల దుకాణము ముందు ఆగక నడచిపోవుదువు, నా భాగ్యము" అని మా యింటివారు సంతోషింతురు. కాగితముల దుకాణము బిల్లు చూచిన పిదప ఆ సంతోషము కొంత తగ్గును.

ఇది వట్టి వేడుక గాదు. మా నేరేడ్‌మెట్ ప్రాంతమున సైన్యమున కొలువు చేసి విశ్రమించిన వారి కుటుంబములు మెండు. ఇంటి యజమాని యున్నంత కాలము ఏ కాగిత మే పెట్టెలో నున్నదో ఆయనకే యెఱుక. ఆయన వెనుక, కుటుంబ పింఛను కొఱకు ఆ పెట్టె మూత తీసి కూర్చుండవలసినది ఇల్లాలు. అప్పుడు పింఛను ఉత్తరువుపై అక్షరము చెదరినను, రసీదు తెల్లబోయినను, ఆమెయు వానివలెనే తెల్లబోవలసి వచ్చును. కావున మన యింటి దస్త్రమునకు వలయు సామగ్రిని మనమే యెఱిగి కొనుట మేలు.

మొదట సిరా సంగతి. మా యూరి పేరులోనే నేరేడున్నది. నేరేడుపండు నాలుకపై వేయు రంగు ఎంత సొంపు! కాని అది మఱునాటికి నిలువదు. ఎండ తగిలిన వెలిసిపోవు, నీరు పడిన కరగిపోవు చౌక సిరాలును అట్టివే. పూర్వము మనవారు కరక్కాయ కషాయమున అన్నభేది కలిపి, తుమ్మజిగురు చేర్చి సిరా కాచెడివారు. కరక్కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి గాలి సోకిన కొలది నల్లబడును. వ్రాసిన నాడు పలుచగా నుండి, నాళ్లు గడచిన కొలది ముదురుట దాని గుణము. అల్లుండ్రలోను ఈ రెండు జాతులు గలవు గాని, ఆ ప్రసంగ మిచ్చట వలదు. ఇట్టి సిరా ఇనుప పాళీని తినివేయును. మిక్కిలి ఘాటైనదైన కాగితమును గూడ తినును. కావున నేడు దస్తావేజులకు నీటికి కరగని సిరా యని సీసాపై చెప్పినదానిని కొనుడు. చెఱిపిన మాయమగు సిరా గల కలములు పిల్లల కొఱకు అమ్ముచున్నారు. వాని సిరా సుమారు 60 డిగ్రీల వేడికి కంటికి కానరాకుండ పోవును. ఎండలో నిలిపిన కారులో పద్దుల పుస్తకము మఱచినచో, పాలవాని బాకీ యంతయు తీరిపోయినట్లే కనబడును! అట్టి కలముతో చెక్కు వ్రాయుట మోసగానిని పిలిచి పీట వేయుట.

ఇక కలము. దుకాణములో కలము పరీక్షింప నిచ్చిన చిత్తుకాగితము చూడుడు: అందఱును సున్నలు చుట్టుదురు, గీతలు గీయుదురు. సున్న చుట్టలేని కలము లోకమున లేదు. తెలుగువారి కలమును తెలుగుతోనే పరీక్షింపవలెను. "లక్ష్మి", "ఘృతము", "జ్ఞాపకము" అని వ్రాయుడు. క్ష క్రింద మకారము తిరుగునపుడు గీటు తెగినను, ఘకారపు కడుపులో సిరా ముద్దకట్టినను ఆ కలము మనది కాదు. ఒక దుకాణదారుడు నన్ను చూచి, "అమ్మా, పెన్ను కొంటున్నారా, పెండ్లికొడుకును చూస్తున్నారా?" అని అడిగెను. "పెండ్లికొడుకునైతే ఇంతగా చూడనిత్తురా నాయనా!" అంటిని.

స్వదేశపు కలమనిన రాజమహేంద్రవరపు రత్నం కలము తలపునకు రాక మానదు. నిత్యము పదిమందికి పనికివచ్చు వస్తువు చేయుమని గాంధీమహాత్ముడు చెప్పిన మాట పట్టి, కె. వి. రత్నంగారు 1932లో కలముల తయారీకి పూనుకొనిరి. గంధకముతో గట్టిపఱచిన రబ్బరును తరిమెనపట్టి, చేతితో చేసిన కలములవి. 1935 జూలైలో గాంధీగారు, కలమును వాడి చూచితిననియు, బజారులోని విదేశపు కలములకు బదులుగా చక్కగా పనికివచ్చునట్లు తోచుచున్నదనియు ఉత్తరము వ్రాసిరి. గమనింపుడు: ఆయన వాడి చూచి మఱి మెచ్చిరి. కొనుగోలుకు ఇంతకు మించిన శాస్త్రము లేదు.

కాగితమునకు వత్తము. కాగజ్‌నగర్ అని ఊరికే పేరు పెట్టించిన సిర్పూరు కాగితపు మిల్లు 1942లో ఉత్పత్తి మొదలిడి, 2014లో మూతపడి, 2018లో చేతులు మారి మరల తెఱువబడినది. ఏ మిల్లుదైనను కొనుటకొక కిటుకు చెప్పెద. ఏ4 కాగితములు పదునాఱు పఱచిన ఒక చదరపు మీటరగును. కట్టపై 80 గ్రాములని యున్నచో ఒక్కొక్క కాగితము 5 గ్రాములు, అయిదువందల కట్ట రెండున్నర కిలోలు తూగవలెను. 70 గ్రాములదైన రెండు కిలోల నూటయెనుబది గ్రాములకు కొంచె మెక్కువ. వంకాయలు తూచు త్రాసు వంటింటిలో నుండగా సందేహ మెందులకు?

యంత్రము కక్కు నిగనిగలాడు రసీదులను మాత్రము నమ్మకుడు. వానిలో సిరా లేదు. వేడికి నల్లబడు పూత మాత్రమే. గోటితో గట్టిగా గీసిన నల్లని చార పడును, అదే గుర్తు. వెలుతురు, నూనె చేయి, ప్లాస్టిక్ సంచి తగిలిన అక్షరములు మాయమగును. శీతలపేటికకు అయిదేండ్ల హామీ యుండును, రసీదునకు అయిదు నెలల ఆయువైన నుండదు! కొన్ననాడే జిరాక్సు తీయించుడు.

కాగితములను కూర్చుటలో గుండుసూది, స్టేప్లర్ పిన్ను తేమకు తుప్పుపట్టి, కాగితమునకు గోరింట పెట్టును. రబ్బరు బ్యాండు ముదిరి కరచుకొనును. అంటు టేపు పసుపుబాఱి రాలును, మరక మాత్రము పోదు. ముఖ్యమైన పత్రములకు లామినేషను చేయించుట భద్రమని తలతురు. ఒకసారి చేసినదానిని మరల ఊడదీయ వీలుగాదు. కన్నము వేయని అట్టకవరులో వదులుగా నుంచి, నూలు దారముతో కట్టుట శ్రేష్ఠము.

ఇన్నియు కొన్న పిదప చేయవలసిన పని యొకటి. అరఠావు కాగితము తీసి, ఇంటిలోని ముఖ్యపత్రములన్నియు వరుసగా వ్రాయుడు: పేరు, సంఖ్య, తేది, ఉన్న చోటు. ఆధారు, బ్యాంకు పుస్తకము, పింఛను ఉత్తరువు మూటను ఎదురెదురుగా పెట్టి మీ పేరులోని అక్షరములు ఒక్కటిగా నున్నవో లేవో చూడుడు. తేడా యున్నచో ఇంటివారు చేతనుండగనే దిద్దించుడు. దిద్దుటకు ఆయన చేవ్రాలు వలయును గదా. పైమాసము జిగురును గూర్చి ముచ్చటింతము. అంతలోపల ఆ అరఠావు నిండవలెను.