గృహరక్షణము: ఇంటిలోని గాలితుపాకి



వంటయింటిని, పిల్లల పెంపకమును గూర్చి వ్రాయు నేను ఈ మాసమున తుపాకిని గూర్చి వ్రాయుట చూచి మీకు నవ్వు రావచ్చును. కాని వ్రాయక తప్పని సంగతి మా యింట జరిగినది.

హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో గాలితుపాకి పోటీయందు కాంస్యపతకము పొందినది మొదలు మా మఱదికి గురి నేర్వవలెనను కోరిక. ఇటీవల గ్యాస్ రామ్ అను రకపు తుపాకిని కొని తెచ్చెను. పాతరకములలో ఉక్కుస్ప్రింగు చేయు పనిని దీనిలో మూసిన గొట్టమునందు బంధించిన వాయువు చేయును. ఎక్కుపెట్టినపుడది మఱింత యదుముకొని, మీట నొక్కగానే పిస్టనును ముందునకు త్రోయును. పిస్టను ముందున్న గాలి సీసపుగుండును వెడలగొట్టును. బంధించిన వాయువు మాత్రము బయటికి పోదు.

చాలసేపు ఎక్కుపెట్టి యుంచినచో స్ప్రింగు బలము తగ్గును. వాయువునకు ఆ లోపము లేదు. ఈ గుణమే మాకు ముప్పు తెచ్చినది. "దీనికేమియు కాదు వదినా" అని యతడు గుండుతో నెక్కుపెట్టిన తుపాకిని గోడకు చేరవేసి నిద్రించెను. తెల్లవాఱి చూతును గదా, మా యెనిమిదేండ్ల వాడు దానిని చెల్లెలివైపు త్రిప్పి యాడుచుండెను! కేక వేసినచో బెదరి మీట నొక్కునేమోయని నోరు మెదపక, వెనుకనుండి పోయి మొనను నేలకు దించి తీసికొంటిని. ఆ దినమంతయు నా చేతులు వణకుచునే యుండెను.

మా వారు విని, "ఇక తాళపుచెవి నీయొద్దనే యుండవలెను" అనిరి. అందుచేత దాని సంరక్షణ నేనును నేర్చితిని. గుండు పెట్టునపుడు ఒక చేతితో గొట్టమును గట్టిగా పట్టుకొననిచో అది తటాలున మూసికొని వ్రేళ్లు నలుగును. గుండు లేక పేల్చరాదు, పిస్టను దెబ్బతినును. పిస్టను ముందుభాగమున నూనె పోయరాదు. ఒత్తిడికి వేడెక్కిన గాలిలో అది భగ్గుమనును. అదరునకు వదలు మరలను అప్పుడప్పుడు బిగింపవలెను. వాయుగొట్టమును ఇంట విప్పరాదు. సీసము విషము, గుండ్లు ముట్టిన చేతులను సబ్బుతో కడుగక అన్నము ముట్టరాదు.

ఇంకను బలమైన తుపాకి కావలెనని మఱది యడిగినపుడు మా వారు చట్టము చూపిరి. 2016 నాటి ఆయుధ నిబంధనల ప్రకారము గొట్టపు రంధ్రము 4.5 మిల్లీమీటర్లను గాని, శక్తి 20 జౌళ్లను గాని మించినచో లైసెన్సు వలయును. దానికి లోబడినదియు కన్ను పోగొట్టగలదు.

మీ యింటను గాలితుపాకి యున్నచో, గురి ముగిసిన వెంటనే గుండును సురక్షితమగు అడ్డునకు పేల్చి ఖాళీ చేయించుడు. తుపాకి యొకచోట, గుండ్లు వేఱొకచోట తాళము వేసి, తాళపుచెవిని మీ కొంగున ముడివేసికొనుడు. ఆటవస్తువని యెవరు చెప్పినను విప్పకుడు.