సంఘంలో ఉన్నాం, లెక్కలో లేం

పామర్రు చుట్టుపక్కల ఊళ్ళలో ఏ స్త్రీనైనా "సంఘంలో ఉన్నావా?" అని అడిగితే "ఎందుకు లేనండీ, ఉన్నాను" అంటుంది. ఆమె చెప్పేది డ్వాక్రా సంఘం గురించి. "కూలి సంగతి మాట్లాడే సంఘంలో?" అంటే మాత్రం నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు నన్ను చాలాకాలంగా వెంటాడుతోంది.

పనిచేసేవాళ్ళలో నూటికి ఎంతమంది కార్మిక సంఘ సభ్యులన్న లెక్కతో ఒక దేశపు శ్రామికుల బలాన్ని కొలుస్తారు. ఐస్‌లాండ్‌లో అది దాదాపు 90 శాతం. అమెరికాలో 2023 నాటికి 10 శాతం. మన దేశంలో ఈ లెక్క తేలడమే కష్టం. సభ్యుల సంఖ్య సంఘాలు రిజిస్ట్రారుకు పంపే వార్షిక నివేదికల్లోంచి రావాలి; పంపనివి చాలా ఉన్నాయి. పైగా శ్రామికుల్లో సుమారు 90 శాతం అసంఘటిత రంగంలోనే ఉన్నారు.

అసలు శ్రామికురాలంటే ఎవరు? ముఠా కట్టి ఎకరానికింత అని గుత్తకు నాట్లు వేసే స్త్రీలకు రోజుకో రైతు. ఎవరి హాజరు పట్టీలోనూ వాళ్ళ పేర్లుండవు. మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ నగల పని ఇంటికి తెచ్చుకుని చేసే స్త్రీలను "ఖాళీగా ఉండి ఏదో చేసుకుంటున్నారు" అంటారు. 1975లో మొదలైన ఐసీడీఎస్‌లో అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదట, గౌరవ వేతనమట!

ఆ అంగన్‌వాడీలే 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రమంతటా 42 రోజులు సమ్మె చేశారు. 2024 జనవరిలో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. జీతమివ్వడానికి ఉద్యోగులు కానివాళ్ళు సమ్మె చేసేసరికి అత్యవసర సిబ్బంది ఎలా అయ్యారు? అన్ని రోజులు నిలబడగలిగారంటే వాళ్ళకు యూనియన్లు ఉండబట్టే.

1972లో అహ్మదాబాదులో ఇలా భట్ 'సేవా' పెట్టినప్పుడు, యజమాని లేనిదే యూనియన్ ఏమిటని అధికారులు రిజిస్ట్రేషన్‌కు అడ్డుచెప్పారు. ఆ స్త్రీలు పట్టుబట్టి సాధించుకున్నారు. ఇప్పుడు దారి ఇంకా ఇరుకైంది. 1926 చట్టం ప్రకారం ఏడుగురుంటే యూనియన్ నమోదయ్యేది. 2001 సవరణ దానికి పది శాతం లేదా వందమంది అన్న షరతు చేర్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఒక సంస్థలో ఒకటికి మించి యూనియన్లుంటే, మస్టరు రోల్‌లోని వారిలో 51 శాతం మద్దతున్నదే ఏకైక చర్చల సంఘం. మస్టరు రోలే లేని ముఠాకు 51 శాతం ఎక్కడిది?

తప్పు ప్రభుత్వానిదే అని చేతులు దులుపుకోలేం. పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదా ఎంత అని రిజిస్టర్లు రాసినదాన్నే నేనూ. వందశాతం వసూలని నివేదికల్లో గర్వంగా చెప్పుకున్నాం. ఆ వాయిదా ఏ కూలిలోంచి వచ్చిందో ఒక్కసారైనా రాశామా?

అందుకే ఒక సూచన. పొదుపు సంఘం పుస్తకంలో ఒక పేజీ కూలికి కేటాయిద్దాం. ఎవరు ఎన్ని రోజులు, ఎవరి పొలంలో చేశారు, ఎంత ఇచ్చారు, అదే పనికి మగవాళ్ళకు ఎంత ఇచ్చారు అని ప్రతి నెలా రాద్దాం. మన హాజరు పట్టీ మనమే తయారుచేసుకుందాం. యూనియన్ పని అక్కడి నుంచే మొదలవుతుంది.