చెరువు పచ్చబడినప్పుడు మైలుతుత్తం పోయవద్దు



ఎండలు ముదిరి చెరువులో నీరు తగ్గిన రోజులలో, గాలి ఆడని ఉదయము మీ ఊరి చెరువు గట్టు మీదికి పోయి చూడండి. నీటి మీద ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్లు తెట్టు కట్టి ఉండవచ్చును. కాస్త గాలి లేచినచో ఆ తెట్టంతయు ఒక ఒడ్డుకు చేరి అంబలివలె చిక్కబడును. పశువుల రేవు ఆ వైపుననే ఉన్నచో మీ గేదెలు త్రాగునది నీరు కాదు, ఆ తెట్టే.

“పాచియే కదా, పశువులకేమి కాదు” అని కొందరందురు. కొంచెము చురుకైన పంచాయతీవారు మైలుతుత్తం మూట తెప్పించి చెరువులో కలిపింతురు. ఈ రెండును తప్పే. రెండవది మరింత పెద్ద తప్పని నా అభిప్రాయము.

ముందు ఈ తెట్టు ఏమిటో తెలిసికొనవలెను. ఇది చాలసార్లు నీలి ఆకుపచ్చ నాచు. ఆ పేరు మీకు క్రొత్త కాదు. వరి మడిలో ఎకరమునకు 4 కిలోల చొప్పున చల్లుడని మేము చెప్పుచు వచ్చిన జీవన ఎరువు ఈ కుటుంబములోనిదే. వరి మళ్ళలో నత్రజనిని నిలుపునది ఈ నాచేనని పి.కె. డే 1939లోనే ప్రకటించినారు. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దీనిని నాచుగా గాక బాక్టీరియాగా లెక్కించుచున్నారు. మడికి మేలు చేయునది చెరువుకు కీడు చేయునా అని మీరు అడుగవచ్చును. ఒక్క ఇంట పుట్టినవారందరి బుద్ధులు ఒకటి కావు గదా! చెరువుల మీద తేలు మైక్రోసిస్టిస్ అను జాతి గాలిలోని నత్రజనిని పట్టలేదు గాని, కాలేయమును చెరచు విషమును చేయగలదు. అనబీనాలో కూడ విషపు రకములు కొన్ని కలవు. మేలు సంగతి మేము పదే పదే వ్రాసి, కీడు సంగతి వ్రాయుటలో వెనుకబడితిమని ఒప్పుకొనవలెను.

ప్రతి తెట్టు విషమని నేను చెప్పుట లేదు. కాని విషమున్నదో లేదో కంటితో చూచి చెప్పుట ఎవరి తరము కాదు, ప్రయోగశాలలో పరీక్షించవలసినదే. తెట్టు ఏ రకమో మాత్రము మీరే కొంత గుర్తించవచ్చును. ఒక పుల్లతో ఎత్తి చూడండి. వెంట్రుకలవలె పోగులుగా వ్రేలాడినచో అది మామూలు నాచు. చిన్న చిన్న ఆకులు కనబడినచో అది నీటి మొక్క. రంగువలె పుల్లకు అంటి జారిపోయినచో అనుమానింపవలెను. ఆ నీటిని గాజు సీసాలో పట్టి కదలకుండ ఉంచినచో నీలి ఆకుపచ్చ నాచు తనలోని గాలి బుడగల బలముచేత పైకి తేలి వలయము కట్టును. చేతికి అంటనీయక, ముట్టినచో వెంటనే కడుగుకొనండి.

ఈ విషము సంగతి లోకమునకు మొదట చాటినది ఆస్ట్రేలియా. అక్కడ అలెగ్జాండ్రినా సరస్సులో ఇట్టి తెట్టు త్రాగి గొర్రెలు, గుఱ్ఱములు, కుక్కలు, పందులు చచ్చిపోవుటను 1878లో జార్జి ఫ్రాన్సిస్ అను రసాయనజ్ఞుడు లోకమునకు తెలిపెను. కొన్ని గొర్రెలు కొద్ది గంటలలోనే పడిపోయినవి. ఈ విషములు ముఖ్యముగా రెండు తీరులు. నరములకు తగులునదైతే పశువు వణకి, ఊపిరి ఆడక, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే మరణించును. కాలేయమునకు తగులునదైతే మేత మానివేసి, నీరసించి, ఒకటి రెండు రోజులు బాధపడును. విరుగుడు మందు లేదు. అందువలన పచ్చని చెరువు చెంత పశువు పడిపోయినచో మిగిలిన మందను వెంటనే ఆ నీటి నుండి మళ్ళించి, పశువైద్యునకు ఏ నీరు త్రాగినదో కూడ చెప్పవలెను. పాము కరచినదనియో, ఎవరో మందు పెట్టినారనియో అనుకొని ఊరక ఉండవద్దు.

ఇక మైలుతుత్తం సంగతి. అది ఈ నాచును చంపును, నిజమే. చిక్కు అక్కడనే ఉన్నది. బ్రతికి ఉన్నంతకాలము విషములో చాల భాగము నాచు కణముల లోపలనే ఉండును. మందు పడి కణములు పగిలినంతనే అది నీటిలో కలియును. పైకి నీరు తేటపడును, లోపల విషము పెరుగును! 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపమున జరిగినది ఇదే. ఊరికి నీరిచ్చు సాలమన్ ఆనకట్ట జలాశయములో తెట్టు పట్టినదని మైలుతుత్తం వేసిరి. కొద్ది రోజులలో దాదాపు 150 మంది, అందులో అత్యధికులు పిల్లలు, వాంతులతో, కాలేయపు వాపుతో ఆస్పత్రి పాలైరి. చెరువులో అయితే ఇంకొక నష్టము కూడ కలదు. చచ్చిన నాచు కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించుటచేత చేపలు చచ్చును. రాగి ఒండ్రులో చేరి నిలిచిపోవును. ఆ ఒండ్రునే మీరు పొలమునకు తోలుకొందురు.

కాచి త్రాగిన చాలదా? చాలదు. ఈ విషము మరగుటకు లొంగదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరమున ఈరీ సరస్సు నీటిలో ఈ విషము కనబడి 4 లక్షలకు పైగా జనమును కుళాయి నీరు త్రాగవద్దని, కాచి కూడ వాడవద్దని అధికారులు హెచ్చరించిరి. కాలువలు కట్టివేయు వేసవికై ముందుగా నింపుకొను మన డెల్టా గ్రామముల మంచినీటి చెరువుల విషయమున ఇది గుర్తుంచుకొనదగిన మాట. పచ్చబడిన నీటిలో ముందే బ్లీచింగు పౌడరు కలుపుట కూడ మైలుతుత్తం వంటి పనియే. ముందు పటికతోను, ఇసుక వడపోతతోను నాచును పగులకుండ తీసివేసి, ఆ తరువాతనే క్లోరిను వేయవలెను. ఇసుక పడకలు పూడిపోయి మూలబడిన ఊళ్ళు ఎన్నియో. కార్యదర్శులు ఈ సంగతి మొదట చూడవలసినది.

మరి ఈ నాచు అంతగా ఎందుకు పెరుగును? 1973లో కెనడాలో ఒక చిన్న సరస్సును మధ్య తెర కట్టి రెండు చేసిరి. ఒక వైపు నత్రజని, కర్బనము వేసిరి. రెండవ వైపు అవియే వేసి భాస్వరము కూడ చేర్చిరి. భాస్వరము వేసిన సగము కొద్ది వారములలోనే పచ్చని తెట్టు కట్టినది. రెండవ సగము తేటగనే ఉన్నది. మన చెరువులోనికి ఆ భాస్వరము పోయునది మనమే. వాన ముందు చల్లిన డి.ఎ.పి., దమ్ము నీటితో పాటు కట్ట తెగి పోవు ఎరువు, వాగు మొగనే పెట్టిన పేడకుప్పలు, ఊరి మురుగు, అన్నియు చివరకు చేరునది చెరువునకే.

వీనికంటె నన్ను బాధించునది మరియొకటి కలదు. ఈ మాట కొందరు సర్పంచులకు రుచింపకపోవచ్చును. పశువులు త్రాగు చెరువును చేపల పాటకు ఇచ్చుచున్నారు. పాటదారు చేపల మేతకని కోళ్ల ఎరువు, పేడ, సూపరు ఫాస్ఫేటు బండ్లకొలది దింపును. నీరు పచ్చబడుటయే అతని కోరిక. చేపలకొరకే త్రవ్విన చెరువులో అది అతని ఇష్టము. అక్కడను శ్రుతి మించినచో తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరచుట కొల్లేరు ప్రాంతపు రైతులకు అనుభవమే. కాని ఊరి పశువుల నోటి నీటిలో ఎరువు పోయు హక్కు పాట సొమ్ముతో ఎవరికిని రాదు. క్రొత్త పాట పెట్టునప్పుడు ఎరువు వేయరాదని గ్రామసభలో షరతు వ్రాయించండి. పాట తగ్గును. తగ్గనీయండి.

ఇప్పటికే చేరిన భాస్వరము అడుగున ఒండ్రులో ఉన్నది. వేసవిలో అడుగు నీటికి గాలి అందనప్పుడు అది తిరిగి పైకి వచ్చి నాచుకు మేత అగును. అందుచేత మన తాతలు నీరు అడుగంటిన రోజులలో బండ్లు కట్టి చెరువు మట్టి తోలుకొనుట పొలమునకే గాక చెరువునకు కూడ వైద్యమే. 2015లో తెలంగాణలో ఆరంభమైన మిషన్ కాకతీయ కింద రైతులు పొలములకు తోలుకొన్నది ఈ మట్టియే. మురుగు కలియు మొగ వద్దనే ఒండ్రు ఎక్కువగా మేట వేయును గనుక తవ్వకము అక్కడ మొదలు పెట్టండి. ఈలోగా తెట్టు కనబడిన రోజు నుండి అది పూర్తిగా పోయి కొన్ని వారములు గడచువరకు పశువులకు బోరు నీటితో తొట్టి నింపండి. పిల్లలను ఈతకు పోనీయవద్దు.