మోటారు కొట్టమునకు పోగుల రాగితీగె

మన అనంతపురము మెట్టసీమలో సంవత్సరమునకు కురియు వర్షము సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున అప్పు చేసియైనను బోరు వేయించుదుము, మంచి మోటారు దించుదుము. తీగెకడకు వచ్చుసరికి మాత్రము లోభము చూపుదుము. ఇది సరికాదని మా అభిప్రాయము.

మేము పొలములకు పోవునపుడు మోటారు కొట్టములను గూడ చూచుచుందుము. అనేక చోట్ల అతుకులు వేసిన అల్యూమినియము తీగెలు మేకులకు వ్రేలాడుచుండును. ఎలుక కొరికినను, జల్లు తడిపినను, చీకటిలో స్టార్టరుకై చేయిచాచిన వాని ప్రాణమునకు అవియే ముప్పు.

మన తాతలు కపిల తోలునపుడు మోకును తడవి చూచి గాని యెద్దులను దింపెడివారు కారు. పెక్కు పోగులు పేనిన మోకు గిలకపై వంగినను తెగదు. పోగుల రాగితీగెయు నట్టిదే. గొట్టపు వంపులలో సులభముగా సాగును, మాటిమాటికి వంచినను ఒంటితీగెవలె త్వరగా విరుగదు. అంతే లావు గల అల్యూమినియము రాగితో పోల్చిన నూటికి 61 పాళ్లు మాత్రమే విద్యుత్తును పోనిచ్చును. స్తంభములపై అది తగినదే. స్టార్టరులోని చిన్న మరక్రింద నలిగి, సడలి, వేడెక్కును. వోల్టేజి తగ్గిన కొలది మోటారు ఎక్కువ కరెంటు లాగి, చుట్టు కాలిపోవును.

తీగె మంచిదైనంత మాత్రమున చాలదు. గొట్టము లేని తీగె కంచె లేని చేను. గొట్టపు లోపలి వైశాల్యములో నూటికి 40 పాళ్లకు మించి తీగెలు నింపరాదు. అతుకు గొట్టములో నుండరాదు. మూతగల పెట్టెలో నుండవలెను. రంధ్రములో పట్టలేదని కొన్ని పోగులు కోసివేయుట తప్పు. ఆ చోటనే వేడి పుట్టును. ప్లాస్టిక్ గొట్టము ఎర్తుపని చేయదు గనుక పచ్చని ఎర్తుతీగెను గూడ లాగింపవలెను. ఎండలకు మన నేల బీటలువారును. ఎర్తుగుంతకు నీరు పోయుట మరువరాదు.

రాగి ప్రియమని కొంద రందురు. నిజమే. 2004లో సేద్యమునకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైనందున తీగెలో వృథాయగు కరెంటును మనము లెక్కింపము. కాని కాలిన మోటారును ఎవ్వరును ఉచితముగా బాగుచేయరు. ఎండిన పైరు మరల పచ్చబడదు. పోయిన ప్రాణము తిరిగిరాదు.

ఇందుకు మా సూచన యొక్కటి. ఇట్టి తీగె సామాన్యముగా 90 మీటర్ల చుట్టలుగా అమ్మబడును. ఒక్కొక్క రైతునకు కావలసినది కొన్ని మీటర్లే యగుటచే గుర్తులేని ముక్కతీగెతో సరిపెట్టుకొనుచున్నాడు. సంఘమే ఐ.ఎస్. 694, ఐ.ఎస్.ఐ. గుర్తులు గల చుట్టలను కొని, సభ్యులకు కొలిచి, కొన్న ధరకే ఇయ్యవలెను. మోటారు బలమును, దూరమును జెప్పి లైసెన్సుగల పనివానిచేత లావు నిర్ణయింపజేసి, అతనిచేతనే అమర్చుకొనవలెను.

వచ్చు సభలో ఈ విషయమును చర్చించి తీర్మానింప వేడుచున్నాము.